పాత ఇళ్లను వారసత్వ జాబితాలో పెడితే చాలదు, మరమ్మతు ఖర్చు సంగతీ చూడాలి

సంపాదకులు గారికి,

పాత కట్టడాల మాట వస్తే మన దగ్గర చర్చ కోటలు, గుళ్ల దగ్గరే ఆగిపోతుంది. జనం కాపురం ఉంటున్న పాత ఇళ్లు ఎవరికీ పట్టవు. అందుకే నేను ఉద్యోగరీత్యా ఉంటున్న ఉత్తర జర్మనీలోని ల్యూబెక్ గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

మధ్యయుగాల్లో బాల్టిక్ సముద్ర వ్యాపారాన్ని ఏలిన హాన్సా అనే వర్తక నగరాల కూటమికి ఈ ఊరే పెద్ద దిక్కు. 1251, 1276లో ఊరు తగలబడ్డాక ఇళ్లు ఇటుకతోనే కట్టాలన్నారు. పక్కపక్క ఇళ్లకు ఉమ్మడిగా లేపిన ఆనాటి మందపాటి గోడలు చాలాచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. వీధి వైపు గోడకు తర్వాత ఎన్ని సోకులు చేసినా లోపలి ఇల్లు చాలావరకు పాతదే. తలుపు తీయగానే ఎత్తయిన పెద్ద హాలు. సరుకు దిగేది, బేరాలు సాగేది అక్కడే. ఓ పక్కన చలికాలంలో వెచ్చగా కూర్చుని లెక్కలు రాసుకునే చిన్న గది. పై అంతస్తులన్నీ గోదాములు. కప్పు కింద పెద్ద చెక్క చక్రం, దానికి చుట్టిన తాడుతో బస్తాలు పైకి లాగేవారు. కుటుంబం ఉండేది పెరటి వైపు. ముందు కొట్టు, వెనక కాపురం అన్నది మన పాత బజారు వీధుల వాళ్లకు కొత్తేం కాదు.

1942 మార్చిలో బాంబు దాడికి పాత ఊళ్లో దాదాపు ఐదో వంతు పోయింది. మిగిలిన దాంట్లో ముఖ్యభాగాన్ని యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

ఊరి నుంచి వచ్చిన మా మామగారు ఇలాంటి ఓ ఇల్లు చూసి, "పడగొట్టి కడితే ఎన్ని ఫ్లాట్లు లేస్తాయో!" అన్నారు. ఆయన్నేం తప్పుపట్టను, యజమానికైనా అదే ఆశ పుడుతుంది. ఇక్కడి చట్టం ఆ ఆశకు అడ్డుపడుతుంది, కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలి. అయితే ఖర్చంతా యజమాని నెత్తిన రుద్ది ఊరుకోదు. రక్షిత ఇంట్లో తానే ఉంటే, మరమ్మతు ఖర్చులో ఏటా 9 శాతం చొప్పున పదేళ్లపాటు పన్ను వేసే ఆదాయం నుంచి తీసేసుకోవచ్చు. అద్దెకిస్తే పన్నెండేళ్లలో మొత్తం ఖర్చూ తీసేయొచ్చు. ముఖ్యమైన షరతు: పని మొదలుపెట్టక ముందే వారసత్వ శాఖతో మాట్లాడుకోవాలి. ముందు గోడ పగలగొట్టి తర్వాత కాగితం పట్టుకెళ్తే పైసా రాదు.

హైదరాబాద్‌లో పాత ఇళ్లను, భవనాలను కాపాడిన పట్టణాభివృద్ధి నియమాల్లోని 13వ నిబంధన 2015లో పోయింది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ప్రైవేటు ఇంటిని జాబితాలో చేర్చిన రోజే ఆస్తి పన్ను రాయితీ ఎంతో, మరమ్మతుకు సాయం ఎంతో యజమానికి రాసివ్వాలి. సున్నం పని, పాత కలప పని తెలిసిన మేస్త్రీల పేర్లూ వార్డు ఆఫీసులో దొరకాలి. ఇవేవీ లేకుండా నోటీసు ఒక్కటే అంటిస్తే, వానాకాలంలో కప్పు కూలేదాకా యజమాని చూస్తూ కూర్చుంటాడు.

— ఒక పాఠకుడు, ల్యూబెక్, జర్మనీ