ర్యామ్ ధరలు పెరిగాక మా బడ్జెట్ గేమింగ్ పీసీలో ఏం మారింది, ఏం మారలేదు

మా దగ్గర కంప్యూటర్ కట్టించుకోవాలని కొటేషన్ తీసుకుని ఆలోచిస్తున్నవారికి కొన్ని విషయాలు ముందే చెప్పడం మంచిదని ఇది రాస్తున్నాము. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు పెద్ద ఎత్తున తరలిపోవడమే ఇందుకు ప్రధాన కారణం. మెమరీ చిప్‌లు తయారుచేసే మైక్రాన్ సంస్థ అయితే, మామూలు కొనుగోలుదారుల కోసం నడుపుతున్న క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఖరీదైన పీసీలో ర్యామ్ ఒక చిన్న పద్దు మాత్రమే. బడ్జెట్ పీసీలో అది ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు దక్కవలసిన సొమ్మును తినేస్తోంది. అందువల్ల పాత కొటేషన్లను యథాతథంగా కొనసాగించలేక, భాగాలన్నింటినీ మళ్లీ మొదటి నుంచి ఎంచుకున్నాము.

మొదటి మార్పు ప్రాసెసర్, మదర్‌బోర్డుల జతలో ఉంది. 2022లో వచ్చిన ఏఎం5 బోర్డులు (ఏఎండీ ప్రాసెసర్ల కొత్త సాకెట్ ఉన్నవి) కొత్త తరం డీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే తీసుకుంటాయి. మునుపటి ఏఎం4 బోర్డులు, అలాగే ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్ల కోసం వచ్చిన బోర్డుల్లో కొన్ని, అంతకుముందు తరం ర్యామ్ అయిన డీడీఆర్4తో నడుస్తాయి. ప్రస్తుతం డీడీఆర్4 కూడా చౌకేమీ కాదు. అయితే ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉన్నవారిలో చాలామంది దగ్గర పనికొచ్చే డీడీఆర్4 స్టిక్‌లు ఉంటాయి. వాటిని తీసుకొస్తే మేము మెమరీ పరీక్ష జరిపి, తప్పులేవీ రాకపోతే కొత్త పీసీలో అమరుస్తాము. ఇందులో మాకు అమ్మకం తగ్గుతుంది కానీ, అలా మిగిలిన డబ్బుతో మీకు ఒక మెట్టు పైనున్న గ్రాఫిక్స్ కార్డు వస్తుంది. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది కాబట్టి అది డెస్క్‌టాప్ స్లాట్‌లో పట్టదని గమనించగలరు.

ఏఎం4కు భవిష్యత్తు లేదు కదా అని అడిగేవారికి మా సమాధానం సూటిగానే ఉంటుంది. నిజమే, ఆ బోర్డులో కొత్త తరం ప్రాసెసర్ ఏదీ పట్టదు. రెండేళ్లకోసారి ప్రాసెసర్ మార్చే అలవాటున్నవారు ఏఎం5 తీసుకోవడమే సబబు. కానీ బడ్జెట్ పీసీ కొన్నవారు సాధారణంగా ముందుగా మార్చేది గ్రాఫిక్స్ కార్డునే, ప్రాసెసర్‌ను కాదు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న ఏఎండీ రైజెన్ 5 5600 గానీ, ఇంటెల్ ఐ5 12400ఎఫ్ గానీ 1080పీ (ఫుల్ హెచ్‌డీ) మానిటర్‌పై ఆడేవారికి ఇప్పటికీ సరిపోతుంది. ఈ రెండింటిలోనూ సొంత గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి కార్డు లేకుండా తెర వెలగదు. కార్డు తర్వాత కొనుక్కుంటామనేవారు సొంత గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 5 5600జీ అడుగుతుంటారు. దానితో తేలికపాటి ఆటలు ఇప్పుడే ఆడుకోవచ్చు. అయితే అందులో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) 32కు బదులు 16 ఎంబీ మాత్రమే ఉంటుందనీ, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి) 4.0 బదులు 3.0 ఉంటుందనీ, అందువల్ల తర్వాత కార్డు పెట్టినా అది 5600తో పూర్తిగా సమానం కాదనీ తెలిసి తీసుకోవాలి.

ర్యామ్ 32 జీబీ నుంచి 16 జీబీకి తగ్గించాము, అంతకంటే తగ్గించము. ఆ 16 జీబీ కూడా రెండు 8 జీబీ స్టిక్‌లుగానే ఇస్తాము. ఒకే స్టిక్ పెడితే ప్రాసెసర్‌కు మెమరీతో ఉన్న రెండు దారుల్లో ఒకటే పనిచేస్తుంది. దాని దెబ్బ కొన్ని ఆటల్లో కంటికి కనిపించేటంతగా ఉంటుంది, 5600జీ వంటి ప్రాసెసర్‌పై మరీ ఎక్కువ. నాలుగు స్లాట్లున్న బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండవదీ నాలుగవదీ వాడాలి. వేగం 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 కూడా బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ వేగం సెట్టింగు ఆన్ చేసేదాకా చాలాసార్లు 2133 దగ్గరో 2666 దగ్గరో ఆగిపోతుంది. మేము అది ఆన్ చేసే పంపుతాము. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడు ఆ సెట్టింగు పోవచ్చు కనుక టాస్క్ మేనేజర్‌లో వేగం ఒకసారి చూసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో పేరును మాత్రమే చూసి మమ్మల్ని ధర అడగవద్దని మనవి. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 2022లో వచ్చిన 8 జీబీ కార్డు వేరు, 2024లో వచ్చిన 6 జీబీ కార్డు వేరు. రెండవదానిలో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు, కోర్లు 2560 నుంచి 2304కు పడిపోయాయి, మెమరీ బస్ 128 బిట్ల నుంచి 96కు కుదించారు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలో 4 జీబీ మెమరీ, నాలుగే పీసీఐఈ లేన్లు ఉంటాయి, పీసీఐఈ 3.0 మాత్రమే ఉన్న ఏ520 వంటి బోర్డులో పెడితే అది మరింత కుంటుపడుతుంది. ఈ 6500 ఎక్స్‌టీని మీరు అడిగినా మేము సిఫారసు చేయము. ఆర్‌ఎక్స్ 6600 దొరికినంత కాలం మా ప్రాథమిక పీసీలో అదే ఉంటుంది. ఇంటెల్ ఆర్క్ బీ580కి 12 జీబీ మెమరీ ఉండడం పెద్ద ఆకర్షణ, కానీ రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ అంతటినీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సౌకర్యం) లేని పాత బోర్డులో దాని పనితనం బాగా పడిపోతుంది, కాబట్టి మీ పాత పీసీలో పెట్టుకోవడానికి అడిగితే ముందు బోర్డు మోడల్ చెప్పండి.

పవర్ సప్లైలో కోత కోయమని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. అక్కడ మాత్రం ఒప్పుకోము. పెట్టెపై పెద్ద అక్షరాలతో 500 అని ఉంటుంది; పక్కనున్న స్టిక్కర్‌పై చిన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ ప్రధానంగా కరెంటు అందేది ఆ లైన్ నుంచే. అక్కడ 25 ఆంపియర్లని ఉంటే, 12తో హెచ్చించినప్పుడు వచ్చేది 300 వాట్లే. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర కూడా కరెంటు ఎంత పొదుపుగా వాడుకుంటుందో చెబుతుంది గానీ, లోపలి రక్షణ వలయాల నాణ్యతకు హామీ కాదు. అలాగని 750 వాట్లు అడగనవసరం లేదు: ఆర్‌ఎక్స్ 6600 రేటింగ్ 132 వాట్లు, రైజెన్ 5600ది 65 వాట్లు, నిజాయతీగా 500 వాట్లు ఇచ్చే యూనిట్ ఈ పీసీకి ధారాళంగా చాలు.

తగ్గించుకోగలిగింది క్యాబినెట్‌లో. ముందు భాగమంతా గాజుతో, రంగురంగుల లైట్లతో ఉండేవాటిపై మాకు లాభం ఎక్కువే, అయినా జాలీ ముఖం ఉన్న సాదా పెట్టెలో గాలి బాగా ఆడుతుంది. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) మాత్రం 500 జీబీ ఎన్‌వీఎంఈ అనే వేగవంతమైన రకం ఉంటుంది. అది నిండాక రెండవది చేర్చుకోవచ్చు, అందుకే అలాంటి డ్రైవ్‌లు అమరే ఎం.2 స్లాట్లు రెండున్న బోర్డు ఎంచుకున్నాము.

ఇకపై మా కొటేషన్‌లో ర్యామ్, ఎస్‌ఎస్‌డీల ధర ఆ రోజుకు మాత్రమే చెల్లుతుంది, మిగతా భాగాల ధర వారం పాటు మారదు. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారికి పాత ధరకే, పాత 32 జీబీతోనే ఇస్తాము. కొత్తగా అడిగేవారు ఆడబోయే ఆటల పేర్లు, మానిటర్ రిజల్యూషన్, దగ్గరున్న పాత భాగాల మోడల్ నంబర్లు రాసి పంపితే కొటేషన్ తయారు చేయడం మాకు సులువవుతుంది.