రైతుకి లైసెన్సు సరే, నారు పోసేవాడి సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం,

హిమాచల్‌లో గంజాయి మొక్క పైలట్ సాగు గురించి మీ బెంగళూరు ఎడిషన్‌లో వచ్చిన వార్త చదివాను. రైతుకి పర్మిషన్, ఫ్యాక్టరీ, పోలీసు నిఘా అన్నీ రాశారు గానీ అసలు మొక్క ఎక్కడ్నుంచి వస్తుందో ఒక్క ముక్క లేదు. మాది కడియం వైపు, ఇక్కడ బెంగళూరులో సిద్ధాపుర దగ్గర నర్సరీ పెట్టుకుని బతుకుతున్నాం, అందుకే నా కన్ను ముందు అక్కడే పడింది.

1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం నార (పీచు) కోసమో గింజ కోసమో ఈ మొక్క సాగుకి ప్రభుత్వం పర్మిషన్ ఇవ్వొచ్చు. ఉత్తరాఖండ్ 2018లోనే మొదలుపెట్టింది, మత్తునిచ్చే టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదు అన్నారు. బాగానే ఉంది, కానీ ఆ 0.3 అనేది రైతు ఎరువు వేస్తేనో నీళ్ళు పెడితేనో వచ్చేది కాదండీ, ముందు విత్తనం జాతిలో ఉండాలి, పైగా పూత ముదిరేకొద్దీ అది పెరుగుతుంది, సంతలో ఎవడో ఇచ్చిన గింజ చల్లి టెస్టులో దాటిపోతే జైలు భయం రైతుకే, గింజ అమ్మినోడు హాయిగా ఉంటాడు. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు, ఇక్కడ నారు పోసేవాడు కాగితాల్లోనే లేడు.

కెనడాలో 2018లో గంజాయి చట్టం తెచ్చినప్పుడే నర్సరీకి వేరే లైసెన్సు పెట్టారు. మొక్కలు, గింజలు మాత్రమే అమ్ముకోవాలి, పూత అమ్మకూడదు. గింజ కోసం పూతకి వదిలే జాగా అప్పట్లో 50 చదరపు మీటర్లే, కోసిన పూతని 30 రోజుల్లో నాశనం చెయ్యాలి. కాలిఫోర్నియాలో కూడా నర్సరీకి విడిగా ఒక టైపు లైసెన్సు ఉంది. ఎందుకంటే తల్లి మొక్కని రోజుకి 18 గంటల వెలుతురులో పెట్టి పూతకి రాకుండా ఆపి కటింగులు (నాటుకునే కొమ్మ ముక్కలు) తీస్తారు, అంటే గింజ కోసం వదిలిన జాగా తప్ప నర్సరీలో ఉండేది పచ్చి ఆకు, కొమ్మ, వేరు అంతే. మన చట్టంలోనూ గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలే, 2022లో కర్ణాటక హైకోర్టు ఈ మొక్క ఆకుతో చేసే భంగు విషయంలో చెప్పింది కూడా ఇలాంటిదే. అయినా పర్మిషన్ లేకుండా మొక్క పెంచడమే నేరం, పూత లేని నారైనా సరే.

మన్యం గంజాయి ఎంతమంది పిల్లల్ని పాడుచేసిందో తెలుగోళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆంధ్రాలో ఈగల్ అని ప్రత్యేక దళమే పెట్టాల్సి వచ్చింది. కాబట్టి బంతి నారులా కవర్లలో పెట్టి అమ్ముకోనివ్వమని నేను అడగట్లేదు. కర్ణాటక ఎప్పుడైనా రూల్స్ రాస్తే నర్సరీ చాప్టర్ ముందు రాయండి, ఏ తల్లి మొక్క, ఏ బ్యాచ్, ఎవరికి ఎన్ని అమ్మారు అన్నీ రిజిస్టర్‌లో ఉండాలి, ఫీజు మాత్రం పెద్ద కంపెనీలు తప్ప ఎవరూ కట్టలేనంత పెట్టకండి. తనిఖీకి ఎక్సైజ్ వాళ్ళతో పాటు హార్టికల్చర్ వాళ్ళు కూడా రావాలి, మగ మొక్క ఒక్కటి కళ్ళుగప్పినా దాని పుప్పొడి గాలికి పోయి పక్క పొలం గింజంతా కలగాపులగం చేస్తుంది, అది చూడగానే గుర్తుపట్టేవాడు ఒక్కడైనా ఆ జీపులో ఉండాలి కదా.

ఇట్లు,
ఒక నర్సరీ యజమాని, బెంగళూరు