నవోదయ పరీక్షకు చదువుతున్న మీ పాప గురించి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం మొన్న శనివారం అందింది. పాప మోడల్ పేపర్లు చేస్తున్నదనీ, లెక్కల్లోనూ బొమ్మల ప్రశ్నల్లోనూ మంచి మార్కులే తెచ్చుకుంటున్నదనీ, భాష దగ్గరికి వచ్చేసరికి మాత్రం 20 ప్రశ్నల్లో సరైన జవాబులు 11, 12 దాటడం లేదనీ రాశావు. "తెలుగే కదా, పొద్దస్తమానం మాట్లాడేదే కదా, దానికి కూడా తయారు కావాలా?" అని అడిగావు. ఇన్నేళ్ళుగా అయిదో తరగతి పిల్లలకు చెబుతున్నవాణ్ణి కనుక నీ ప్రశ్నకు రెండు మాటల్లో జవాబు చెప్పి ఊరుకోలేకపోయాను. ఉత్తరం పొడుగైతే విసుక్కోకుండా చదువు. చెల్లెమ్మ చేత కూడా చదివించు, ఎందుకంటే ఇందులో ఇంట్లో చేయవలసిన పని చాలా ఉంది.

నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి ప్రవేశానికి పెట్టే ఈ పరీక్షలో మొత్తం 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటల సమయం అని నీకు తెలుసు. మెంటల్ ఎబిలిటీకి, అంటే బొమ్మల ప్రశ్నలకు, 40 ప్రశ్నలు, లెక్కలకు 20, భాషకు 20. భాష విభాగం అంటే నాలుగు గద్యభాగాలు, ఒక్కొక్క దాని కింద అయిదు ప్రశ్నలు, అంతే. వ్యాసం రాయమనరు, పాఠ్యపుస్తకంలోని పాఠం మీద అడగరు. ఇచ్చిన పేరాను చదివి పాప ఏమి గ్రహించిందో చూడటమే ఆ విభాగం పని. ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కులు కనుక, ఒక పేరా మొత్తం తలకిందులుగా అర్థమైతే ఒక్కసారిగా 6.25 మార్కులు పోతాయి. ఒక నవోదయ విద్యాలయంలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 మందినే తీసుకుంటారు. జిల్లా అంతటి నుంచి వచ్చే పిల్లల మధ్య ఆరు మార్కులంటే ఎంత దూరమో ఆలోచించు. లెక్కల్లో అరమార్కు కోసం రాత్రి పదింటి దాకా కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఈ 25 మార్కులను దైవాధీనంగా వదిలేయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మాట్లాడే తెలుగు వేరు, చదివి గ్రహించే తెలుగు వేరు. నువ్వు ఎదురుగా ఉండి చెబుతున్నప్పుడు నీ ముఖం, నీ చేతులు, నీ గొంతు పాపకు సగం అర్థం చెప్పేస్తాయి. కాగితం మీద అవేమీ ఉండవు. అందుకని పిల్లలు ఒక అడ్డదారి వెతుక్కుంటారు. పేరాలో తమకు తెలిసిన నాలుగు మాటలు పట్టుకుని, మిగిలినదంతా తమకు ముందే తెలిసిన సంగతులతో నింపుకుంటారు. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ నింపుకోవడం వల్ల వచ్చినవే, తెలుగు రాకపోవడం వల్ల వచ్చినవి కావు.

ఒక ఉదాహరణ చెబుతాను. కిందటేడు మా తరగతిలో ఒక చురుకైన కుర్రవాడు ఉండేవాడు. నేను స్వయంగా రాసిన ఈ పేరాను వాడికి ఇచ్చాను: "మా ఊరి చెరువు గట్టున పెద్ద రావిచెట్టు ఉంది. ఎండాకాలంలో పశువుల కాపరులు దాని నీడన కూర్చుంటారు. కిందటి ఏడు తుఫానుకు దాని కొమ్మ ఒకటి విరిగి దారికి అడ్డంగా పడింది. పంచాయతీ పెద్దలు చెట్టునే కొట్టివేయాలనుకున్నారు. ఊరి పిల్లలు సర్పంచి ఇంటికి వెళ్ళి, చెట్టును కొట్టవద్దనీ, పడిన కొమ్మను మాత్రం తీయించమనీ కోరారు. సర్పంచి వారి మాట విన్నది. చెట్టు నేటికీ నిలిచి ఉంది."

పిల్లలు సర్పంచిని ఏమి కోరారు అన్న ప్రశ్నకు వాడు "కొత్త మొక్కలు నాటించమని" అన్న జవాబును ఎంచుకున్నాడు. పేరాలో మొక్కల ఊసే లేదు. ఎందుకు పెట్టావని అడిగితే, "చెట్లు పెంచాలి కదండీ సార్" అన్నాడు. బడిలో మేము నేర్పిన మంచి మాటే వాడిని తప్పుదారి పట్టించింది. శీర్షిక పెట్టమంటే "రావిచెట్టు ఉపయోగాలు" అన్నాడు, ఎందుకంటే అలాంటి పేరుతో పాఠాలు చదివి ఉన్నాడు. నిజానికి ఉపయోగం గురించి ఉన్నది నీడ మాట ఒక్కటే, మిగిలిన పేరా అంతా పిల్లలు చెట్టును కాపాడిన కథ. తరువాత నేను అడిగిన ప్రశ్న వాడికి చాలా నచ్చింది: సర్పంచి ఆడవారా, మగవారా? "ఎక్కడా రాయలేదు సార్" అని మొదట అన్నాడు. మళ్ళీ చదవమన్నాను. మూడోసారి చదువుతూ "విన్నది" దగ్గర ఆగి, వేలు పెట్టి, నా వైపు చూశాడు. మన తెలుగులో క్రియ చివర ఎంత సమాచారం దాగి ఉంటుందో ఆ రోజు వాడికి తెలిసింది. ఆ చూపు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

అంతకు ముందు సంవత్సరాల్లో నేనూ పొరపాటు చేశాను. గైడు మీద గైడు చేయించి, కీ చూసి ఒప్పు, తప్పు వేసి, మార్కులు కలిపి ఇచ్చేసేవాణ్ణి. ముప్ఫయ్యో పేపరులోనూ పిల్లవాడు మొదటి పేపరులో చేసిన తప్పే చేసేవాడు. పరీక్ష పెట్టడం కొలవడమే అవుతుంది కాని నేర్పడం అవదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నేను ప్రతి జవాబుకూ ఒకే ప్రశ్న అడుగుతాను: "ఏ వాక్యం చూసి ఇది పెట్టావు? దాని కింద గీత గీయి." జవాబు ఒప్పయినా సరే అడుగుతాను, ఎందుకంటే గుడ్డిగా తగిలిన జవాబు తప్పు జవాబు కంటే ప్రమాదం. గీత గీయడానికి వాక్యం దొరకకపోతే ఆ జవాబు పిల్లల తలలోంచి వచ్చిందే కాని పేరాలోంచి వచ్చింది కాదు. మీ పాపతో రేపటి నుంచి ఈ ఒక్క పని మొదలుపెట్టు. రోజుకు నాలుగు పేరాలు వద్దు, ఒక్కటి చాలు. కాని ఆ ఒక్కదానిలో అయిదు జవాబులకూ అయిదు గీతలు పడాలి. కొన్ని ప్రశ్నలకు, ముఖ్యంగా శీర్షిక వంటివాటికి, ఒక గీత చాలదు, రెండు మూడు వాక్యాలు కలపవలసి ఉంటుంది. అది కూడా తనే కనిపెట్టాలి.

ఇక పిల్లలు ఎక్కడ తడబడతారో చెబుతాను. మొదటిది వ్యతిరేకార్థం. తెలుగులో కాదనే మాట వాక్యం చివరికో, పదం చివరికో వెళ్ళి నక్కి ఉంటుంది. "వాన వెలిసేదాకా వారు బయలుదేరలేదు" అని పేరాలో ఉంటే, వారు ఎప్పుడు బయలుదేరారు అని అడుగుతారు. పాప కంటికి "వాన", "బయలుదేర" అన్నవి మాత్రమే కనబడితే "వానలో" అని పెడుతుంది. వాన వెలిసిన తరువాత అన్న జవాబు పేరాలో అచ్చంగా ఆ మాటల్లో ఉండదు, తిప్పి ఆలోచించుకోవాలి. "ముసలాయన తప్ప ఎవరూ నోరు విప్పలేదు" అన్న వాక్యం మా తరగతిలో ఇస్తే, ముసలాయన మాట్లాడలేదని సగం మంది అన్నారు. "తప్ప", "మాత్రమే", "కూడా", "అయినప్పటికీ", "అందువలన", ఈ చిన్న మాటలే వాక్యానికి మలుపులు. పిల్లలు పెద్ద పదాల దగ్గర భయపడతారు కాని, నిజంగా జారిపడేది ఈ చిన్న మాటల దగ్గరే. ప్రశ్నలో కూడా ఇదే చిక్కు ఉంది. "సరైనది ఏది" అన్నదానికీ "సరికానిది ఏది" అన్నదానికీ మధ్య కంటికి కనబడే తేడా చాలా చిన్నది. ప్రశ్నలో "కాని", "లేని" కనబడగానే పెన్సిలుతో చుట్టూ సున్నా చుట్టడం అలవాటు చేయి.

రెండోది, ఎవరు ఎవరన్నది. మనం వాక్యంలో కర్తను తరచుగా వదిలేస్తాము. "తాను మరునాడు వస్తానని తాత మనవడితో చెప్పి వెళ్ళాడు" అంటే వచ్చేది తాతే, కాని చాలామంది పిల్లలు మనవడంటారు. "ఆమె", "వారు", "అది" కనబడ్డ ప్రతిచోటా ఆగి, ఆ మాట ఎవరిని చెబుతున్నదో పేరు పెట్టి పలకమని అడుగు. పది రోజుల్లో తేడా నీకే తెలుస్తుంది.

తెలియని పదం వస్తే వెంటనే అర్థం చెప్పేయకు. పరీక్ష గదిలో నువ్వు పక్కన ఉండవు. ముందు, వెనుక వాక్యాలు చూసి ఊహించమను. సంధి కలిసిన మాటలను విడదీసి చదవమను. ఊహించిన తరువాత నిఘంటువు చూడండి. రెండూ సరిపోయినప్పుడు పాప ముఖం ఎలా వెలుగుతుందో చూడు.

చదవడానికి పుస్తకాలు లేవని నువ్వు దిగులుపడనక్కరలేదు. మన ఇంటికి వచ్చే ప్రతి కాగితమూ ఒక గద్యభాగమే. దినపత్రికలో పిల్లల పేజీ ఉంది, విత్తనాల సంచి మీద సూచనలు ఉన్నాయి, పంచాయతీ గోడ మీద అంటించిన నోటీసు ఉంది. అన్నింటికంటే నాకు ఇష్టమైనది పెళ్ళి శుభలేఖ. మొన్న మా ఇంటికి వచ్చిన శుభలేఖను నేను తరగతికి తీసుకువెళ్ళాను. వధువు "కనిష్ఠ పుత్రిక" అని ఉంది. అంటే ఆమెకు అక్కలు ఉన్నారా, చెల్లెళ్ళు ఉన్నారా? వరుడు ఎవరి పౌత్రుడు, అంటే ఆ పేరున్న పెద్దాయన వరుడి తండ్రికి ఏమవుతారు? సుముహూర్తం గురువారం రాత్రి 2 గంటల 36 నిమిషాలకు అనీ, పక్కనే "తెల్లవారితే శుక్రవారం" అనీ ఉంది. మనం ఊరి నుంచి ఏ రోజు బయలుదేరాలి? తరగతిలో పెద్ద వాదులాటే జరిగింది. గురువారం అని కొందరు, శుక్రవారం అని కొందరు, చివరికి ఒక ఆడపిల్ల లేచి, "శుక్రవారం పొద్దున వెళితే పెళ్ళి అయిపోయి ఉంటుంది సార్, తలంబ్రాలు కూడా ఉండవు" అంది. గైడు పుస్తకంలో ఏ పేరా కూడా పిల్లల చేత ఇంత శ్రద్ధగా చదివించలేదు, ఎందుకంటే ఇక్కడ తప్పుగా చదివితే ఏమి పోతుందో వారికి కళ్ళకు కట్టినట్టు కనబడింది.

రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు చెల్లెమ్మను కూర్చోమను. పాప ఆ రోజు చదివినది పుస్తకం మూసి అమ్మకు చెప్పాలి. అమ్మ పుస్తకం చూడకూడదు. తనకు అర్థంకాని చోట మధ్యలో ఆపి, "ఎందుకట? తరువాత ఏమైందట?" అని అడగాలి. చెప్పలేక ఆగిన చోటే పాప సరిగా చదవని చోటు. అప్పుడు పుస్తకం తెరిచి అక్కడ మాత్రమే మళ్ళీ చదువుకోనివ్వాలి. తనకు చదువు పెద్దగా రాదని చెల్లెమ్మ వెనుకాడుతుందేమో, ఈ పనికి నిజంగా తెలియక అడిగే మనిషే కావాలని నా మాటగా చెప్పు.

పరీక్షను ఏ భాషలో రాయించాలన్న నీ సందేహానికి వస్తాను. పాప ఇంగ్లీషు మీడియం బడిలో చదువుతున్నది, ఇంట్లో తెలుగు. దరఖాస్తులో ఎంచుకున్న భాషలోనే ప్రశ్నపత్రం మొత్తం ఉంటుంది, భాష విభాగం ఒక్కటే కాదు. తెలుగు ఎంచుకుంటే లెక్కల్లో కూడా "చుట్టుకొలత", "వైశాల్యం", "కనిష్ఠ సామాన్య గుణిజం" వంటి మాటలు ఎదురవుతాయి. పాప వాటిని బడిలో ఇంగ్లీషులోనే విని ఉంటుంది. అయినా నా సలహా తెలుగే. లెక్కల మాటలు ఒక అరవై డెబ్భై ఉంటాయి, ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే నెలరోజుల్లో వచ్చేస్తాయి. కాని ఒక పేరాలో చెప్పీ చెప్పకుండా వదిలిన భావం పట్టుకోవడం మాత్రం తను కలలు కనే భాషలోనే తొందరగా వస్తుంది. పాప ఇంగ్లీషు కథల పుస్తకాలు తనంతట తాను చదివి నవ్వుకునే పిల్ల అయితే నా మాట మార్చుకుంటాను. అలా చదువుతుందా లేదా అన్నది నీకు తెలుసు.

సమయం గురించి ఒక్క మాట. భాషకు అరగంట అనుకుంటే ఒక్కో పేరాకు ఏడున్నర నిమిషాలు. ముందు ప్రశ్నలు ఒకసారి చూసి, తరువాత పేరాను నెమ్మదిగా ఒకసారి పూర్తిగా చదివి, ఆ పైన ఒక్కో జవాబుకూ వాక్యం వెతకడానికి అది చాలు. ఈ విభాగం పేపరు చివర ఉంటుంది కనుక, లెక్కల దగ్గర మొండికేసి కూర్చున్న పిల్లలు ఇక్కడికి పది నిమిషాలు మిగుల్చుకుని వస్తారు. ఆ పది నిమిషాల్లో నాలుగు పేరాలు చదవడం ఎవరి తరమూ కాదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక ఏ ప్రశ్ననూ వదలవద్దని చెప్పు. జవాబుల గడులు ఉండే ఓఎంఆర్ షీటు మీద ఒకసారి నింపిన గడిని మార్చడానికి వీలుండదు కనుక, ప్రశ్నపత్రం మీద గీత గీసిన తరువాతే గడి నింపాలి.

దసరా సెలవుల్లో మూడు రోజులు మీ ఊరికి వస్తాను. ఈలోగా పాప తప్పు చేసిన పేరాలను మాత్రమే, తను గీసిన గీతలతో సహా, ఒక కవరులో పెట్టి నాకు పంపు. మార్కులు రాసి పంపనక్కరలేదు. గీతలు చూస్తే తను ఎక్కడ జారుతున్నదో తెలుస్తుంది, దాన్ని బట్టి తన కోసం నేను అయిదారు పేరాలు రాసి తెస్తాను. మీ బావమరిది పెళ్ళి శుభలేఖ ఇంట్లో ఉండే ఉంటుంది, దాన్ని పారేయకుండా దాచి ఉంచు.

చెల్లెమ్మకు నా నమస్కారాలు, పాపకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ మిత్రుడు