పిస్టలు సరే, ఆ రాత్రి సంగతేమిటి?

చి.సౌ. చిన్నికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు కాస్త నయం. మామిడి ఈ ఏడు కాపు లేదు, ఉన్న నాలుగు కాయలూ కోతులపాలు. పెద్దత్త వచ్చి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "ఏరా తమ్ముడూ, చిన్ని పిస్టలు కొనుక్కుందటగా, ఎవరో అర్ధరాత్రి మీ తలుపు పిడి తిప్పారటగా" అంది. ఆ వెనకే నీ మెసేజీ వచ్చింది. పిస్టలు గురించి అంత పొడుగు రాశావు, తలుపు గురించి ఒక్క ముక్క లేదు. ఫోన్ చేస్తే బుజ్జిగాడి చేతికిచ్చి నువ్వు తప్పుకుంటున్నావు. అందుకే ఉత్తరం. సరే, నువ్వడిగిన వాటికే ముందు జవాబు.

నువ్వు కొన్న టారస్ జీ3సీ పిస్టలు ధరకు తగ్గ వస్తువే, కొన్నందుకు నేనేమీ అనను. బ్రెజిల్ కంపెనీ అయినా అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో బెయిన్‌బ్రిడ్జ్‌లో వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. ఒక గ్లాక్ 19 పిస్టలు ధరకు ఇంచుమించు ఇలాంటివి రెండొస్తాయి. 3.2 అంగుళాల బారెలు, మ్యాగజైనుకు (తూటాలు నింపే డబ్బాకు) 12 రౌండ్లు (తూటాలు), బరువు 600 గ్రాముల పైచిలుకు. మా డ్యూటీ పిస్టలు ఇషాపూర్ 9 ఎం.ఎం. 1ఏ అంతా ఇనుమే, చేతిలో కిలోకి దగ్గరగా తూగేది, బారెలు నాలుగున్నర అంగుళాలు దాటి ఉండేది. రౌండు అదే, నీ పిస్టలు తేలిక, బారెలు పొట్టి, కాబట్టి ఎక్కువ తంతుంది. "అనుకున్నదానికన్నా ఎగురుతోంది" అన్నావే, అందుకే. అది లోపం కాదు.

స్లైడు (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) లాగలేకపోతున్నానన్నావు. చిన్న పిస్టల్లో స్లైడు ఆగడానికి ఉన్న చోటు తక్కువ, అందుకని స్ప్రింగు గట్టిది వేస్తారు. రెండు వేళ్ళతో గిల్లినట్టు పట్టుకుంటే రాదు. ఎడమ అరచెయ్యి మొత్తం పైనుంచి వేసి బిగించు. ఆ చెయ్యి కదపకుండా కుడి చేత్తో పిస్టల్ని ముందుకు తొయ్యి. స్లైడు పూర్తిగా వెనక్కి వచ్చాక ఒక్కసారిగా వదిలెయ్యి. వెంట చెయ్యి పెట్టి సాగనంపితే రౌండు సగంలో ఆగిపోతుంది. వేలు మాత్రం ట్రిగ్గరు మీద కాదు, ఫ్రేము పక్కన చాచి ఉండాలి. ఇది నీకు చెప్పక్కర్లేదని తెలుసు, అయినా చెబుతాను.

రెండుసార్లు ఖాళీ కేసు (గుండు పోయాక మిగిలే తొడుగు) అది బయటపడే కిటికీలో నిలువుగా ఇరుక్కుందన్నావు. దానికి మామూలుగా మూడు కారణాలు. మణికట్టు వదులుగా ఉంటే స్లైడుతోపాటు పిస్టలంతా వెనక్కి వస్తుంది, స్లైడు పూర్తి దూరం పోదు, కేసు బయట పడేలోపు మూసుకుంటుంది. మందు తక్కువున్న చౌక రౌండ్లయినా అంతే. కొత్తదాన్ని డబ్బాలోంచి తీసి ఫ్యాక్టరీలో రాసిన గ్రీజు తుడవకుండా కాల్చినా అంతే. మూడూ ఒకేసారి మార్చకు, ఏది కారణమో తేలదు. ముందు తుడిచి నూనె పెట్టు. అప్పటికీ ఆగితే 115 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) రౌండు మాని 124 గ్రెయిన్ల ఫుల్ మెటల్ జాకెట్ (గుండు చుట్టూ లోహపు తొడుగున్నది) వేసి చూడు. అదే మ్యాగజైనుతో అల్లుడుగారి చేతిలో ఆగకుండా పోతుంటే ఇక నీ పట్టే. వచ్చిన మూడు మ్యాగజైన్లకూ అడుగున తెల్ల రంగుతో 1, 2, 3 వేసుకో. ఎప్పుడూ రెండో నంబరే ఆగుతుంటే పిస్టల్ని తిట్టకుండా దాన్ని పక్కన పెట్టొచ్చు.

గుళ్ళు ఎడమవైపు కిందకి పోతున్నాయంటే సైటు (గురిచూసే ముక్క) తిప్పించుకోకు. కుడిచేతివాళ్ళు ట్రిగ్గరు లాగేటప్పుడు మిగతా వేళ్ళూ బిగిస్తే అలాగే పోతాయి. ఇంట్లో మందులేని డమ్మీ రౌండ్లు వేసుకుని, అసలు రౌండు ఒక్కటి కూడా ఆ గదిలో లేకుండా చూసుకుని, రోజూ కాసేపు ట్రిగ్గరు నొక్కు. ముందు సైటు కదలకుండా నొక్కగలిగితే చాలు.

రౌండు పేలకపోతే మళ్ళీ ట్రిగ్గరు నొక్కొచ్చు, ఆ సౌకర్యం ఉందని సంబరపడ్డావు. నాకది నచ్చదు. రేంజిలో (కాల్చడం నేర్చుకునే చోట) పేలకపోతే బారెలు మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగి, తర్వాత ఆ రౌండు తీసెయ్యి. ఆలస్యంగా పేలేవి అరుదే, కానీ ఉన్నాయి. చప్పుడు మెత్తగా, 'తుస్సు'మన్నట్టు వస్తే మాత్రం ఇంకో రౌండు కాల్చొద్దు. గుండు బారెల్లోనే ఉండిపోయి ఉంటే వెనక వచ్చేది బారెల్ని చీలుస్తుంది.

నూనె ఎక్కువ పొయ్యకు. స్లైడు పట్టాల మీద నాలుగు చోట్ల ఒక్కో చుక్క, బారెలు పైన రాపిడికి మెరిసే చోట ఒక చుక్క. స్ట్రైకరు (రౌండును వెనక నుంచి కొట్టే సూది) దారిలో అసలు వద్దు. మసి, నూనె కలిసి అక్కడ ముద్దయితే దెబ్బ తేలికపడి రౌండు పేలదు.

ఇప్పుడు అసలైనది. ఖాళీ చేసే వరస. ముందు మ్యాగజైను తియ్యి. తర్వాత స్లైడు లాగు. స్లైడు వెనక్కి నిలబెట్టి ఛాంబర్లోకి (బారెలు వెనక రౌండు కూర్చునే గూట్లోకి) కళ్ళతో చూడు, చిటికెన వేలు పెట్టి తడిమి చూడు. ఈ వరస తిరగబడితే ఏమవుతుందో ముసలయ్య బాబాయిని అడగాలి. సంక్రాంతికి చెరకుగడలు తెచ్చేవాడు, ఆయనే. డ్యూటీ దిగి వచ్చి, ఇసకపెట్టె దగ్గరకెళ్ళి ఖాళీ చెయ్యాల్సింది, బద్ధకించి బ్యారక్‌లోనే మంచం మీద కూర్చున్నాడు. అది 1ఏ పిస్టలు. చేతిలో చిందిగుడ్డ, పక్కన టీ గ్లాసు, ఎవరితోనో కబుర్లు. ముందు స్లైడు లాగాడు. ఛాంబర్లో రౌండు దుప్పటి మీద పడింది. "అయిపోయింది" అనుకున్నాడు. కానీ మ్యాగజైను లోపలే ఉంది కదా, స్లైడు ముందుకెళ్తూ ఇంకో రౌండును ఛాంబర్లోకి తోసింది. ఆ తర్వాత మ్యాగజైను తీశాడు, రౌండ్లన్నీ విప్పి వరసగా పేర్చాడు. ఆ పిస్టల్లో మ్యాగజైను లేకపోతే ట్రిగ్గరు పనిచెయ్యదు, హ్యామరు (వెనక కొట్టే సుత్తి) దించాలంటే ఖాళీ మ్యాగజైను మళ్ళీ పెట్టాలి. పెట్టాడు. నొక్కాడు. గుండు ఎదుటి మంచం కింద ట్రంకుపెట్టెలోంచి దూరి, ఇస్త్రీ మడతలో ఉన్న పరేడు యూనిఫాం చొక్కా, ప్యాంటు రెంటికీ చిల్లులు పెట్టి, వెనక ఆవకాయ జాడీ పగలగొట్టి గోడలో ఆగింది. నేలంతా ఎర్రగా నూనె కారుతుంటే చూసినవాళ్ళు మనిషే పోయాడనుకున్నారు. పెట్టె తాలూకు మనిషి అప్పుడే స్నానానికి లేచెళ్ళాడు, అది ఆయన అదృష్టం. పేర్చిన రౌండ్లు ముందే లెక్కపెట్టి ఉంటే ఒకటి తక్కువని తెలిసేది. విచారణలోనూ అదే అడిగారు. ఆ యూనిఫాం డబ్బులు బాబాయి జీతంలోంచే పోయాయి.

నీ పిస్టల్లో ఆ అడ్డు కూడా లేదు. మ్యాగజైను తీసేసినా ఛాంబర్లో రౌండుంటే పేలుతుంది. నీది సేఫ్టీ క్యాచ్ (పేలకుండా ఆపే మీట) లేని రకం కూడాను. పైగా ఇలాంటి స్ట్రైకరు పిస్టళ్ళు చాలావాటిని విప్పాలంటే ట్రిగ్గరు నొక్కాలి. శుభ్రం చేస్తుంటే పేలిందని పేపర్లో వచ్చేవాటిల్లో ఇలాంటివీ ఉంటాయి. నొక్కేముందు మూతి ఎటుందో చూసుకో, పక్కింటి గోడ వైపు వద్దు.

గోడలంటే గుర్తొచ్చింది. మీవి మన ఇటుక గోడలు కావు. జిప్సం అట్టలు. 9 ఎం.ఎం. గుండు అలాంటి గోడలు రెండు మూడు దాటినా మనిషిని చంపుతుంది. మీ పడకగది తలుపుకి నేరుగా బుజ్జిగాడి గది ఉంది, నేను వచ్చినప్పుడు చూశాను. రాత్రి ఎవరైనా వస్తే నువ్వు వెతుక్కుంటూ వెళ్ళకూడదు. వాణ్ణి ఎత్తుకుని మీ గదిలోకి పో, గడియ పెట్టు, 911కి చెయ్యి. ఆ రోజు చేశావా? పెద్దత్త చెప్పలేదు. అల్లుడుగారు నైట్ డ్యూటీలో ఉన్నారా, ఊళ్ళోనే లేరా?

పిస్టలు చేతిసంచిలో, దిండు కింద, బీరువా పైన పెట్టొద్దు. అంకెలు నొక్కితే తెరుచుకునే చిన్న ఇనపపెట్టె కొని గోడ ఫ్రేముకో మంచం చట్రానికో బోల్టులు వెయ్యి. అంకెలు బుజ్జిగాడి పుట్టినరోజు పెట్టకు, వాడికి అది వచ్చు. బ్యాటరీ ఆరు నెలలకోసారి మార్చు. టెక్సస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లలకు లోడు చేసిన తుపాకీ అందేలా వదలడమే నేరం. పెట్టెలో ఉన్నన్నాళ్ళూ మ్యాగజైను లోపల, ఛాంబరు ఖాళీ. మీ రేంజివాళ్ళు వేరే చెబుతారు. పసివాడున్న ఇంటికి నా మాట ఇదే. ఒకే రౌండును మాటిమాటికీ ఛాంబర్లోకి ఎక్కించి దించకు. గుండు కేసులోకి దిగబడి పీడనం పెరుగుతుంది.

రేంజినుంచి రాగానే వాణ్ణి ఎత్తుకోకు. సీసపు దుమ్ము బట్టల మీదా జుట్టులోనూ ఉంటుంది. చన్నీళ్ళతో సబ్బేసి చేతులు, మొహం కడుక్కో, బట్టలు విడిగా ఉతుకు, బూట్లు బయటే వదులు. ఇంకా పాలిస్తున్నావా అని మీ అమ్మ అడగమంది. ఇస్తుంటే రేంజి కొన్నాళ్ళు మానెయ్యి. ఇండోర్ రేంజిలో చెవిలో నురగ బిళ్ళలు, పైన చెవులు మూసే మఫ్లు, రెండూ ఉండాలి. ఫోటోలో ఒకటే కనబడింది.

ఆ ఫోటోలో పెద్దత్త వాళ్ళ చంటిగాడు పిస్టలు పట్టుకుని నవ్వుతున్నాడు కూడా. అది చూసి నాకు కోపమొచ్చింది. నీకు గ్రీన్ కార్డుంది, కొన్నావు. వాడు ఎఫ్-1 చదువు వీసా మీద ఉన్నాడు. వేట లైసెన్సులాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అలాంటి వీసా మీదున్నవాళ్ళు తుపాకీ గానీ ఒక్క రౌండు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. హెచ్-1బీ ఉద్యోగ వీసాకీ అంతే. సరదాకి రేంజిలో అద్దెకు తీసుకున్నా అంతే. పైగదిలో ఉంటున్నాడు కాబట్టి పెట్టె అంకెలు వాడికి తెలియకూడదు. ఫోటో తీసెయ్యమను. పెద్దత్తకి నేను చెప్పను, నువ్వే నెమ్మదిగా చెప్పు.

ఇంకోటి. డిసెంబరులో వచ్చేటప్పుడు రేంజికి వాడిన సంచి తేవద్దు. జేబు మూలలో ఒక్క రౌండు మిగిలినా ఇక్కడ విమానాశ్రయంలో ఆయుధ చట్టం కింద కేసు. 9 ఎం.ఎం. మన దగ్గర నిషిద్ధ బోరు (మామూలు జనం దగ్గర ఉండకూడని కొలత). అమెరికా నుంచి వచ్చినవాళ్ళు ఇలాగే ఇరుక్కున్నారు.

ఏదో చెప్పబోయి ఏదో చెప్పాను. తలుపు తిప్పింది పక్క ఫ్లాటువాడు పొరపాటునా, కావాలనా? ఒక్కసారేనా? పిస్టలు తెచ్చుకున్నాక నిద్ర పడుతోందా? మీ అమ్మకి ఇవేవీ తెలియవు, పిస్టలు ఆఫీసువాళ్ళతో ఆటకి కొన్నావని చెప్పాను. జవాబు నా ఫోనుకే రాయి.

ఆ తలుపు ఫ్రేములో గడియ దూరే రేకుకి వచ్చే స్క్రూలు ముప్పావు అంగుళంవి ఉంటాయి, ఒక్క తన్నుకి ఊడిపోతాయి. మూడు అంగుళాలవి తెప్పించి వెనక దుంగలోకి దిగేలా వేయించు. అద్దె ఇల్లు కాబట్టి ముందు ఓనరుని అడుగు. కాదంటే అప్పుడు చూద్దాం. ఖర్చు పది డాలర్లు కూడా కాదు.

మీ నాన్న