పగటి కరెంటు ఊరి సబ్‌స్టేషన్ పక్కనే పుట్టాలి

సంపాదకుడు గారికి,

రామగుండంలో 1971 నుంచి నడిచిన 62.5 మెగావాట్ల బీ-థర్మల్ బొగ్గు విద్యుత్ కేంద్రం 2024లో మూతపడింది. దాని స్థానంలో 800 మెగావాట్ల కొత్త యూనిట్ కట్టాలన్న మాట నలుగుతూనే ఉంది. అక్కడి జనం అడగడంలో తప్పు లేదు. ప్లాంటు పోతే కొలువులు పోతాయి, క్వార్టర్లు ఖాళీ అవుతాయి, దుకాణాలకు గిరాకీ ఉండదు. పర్యావరణం కోసం వరంగల్, హన్మకొండల్లో ర్యాలీలు తీసే యువతకు నా విన్నపం ఒక్కటే. బొగ్గు వద్దనే ముందు దాని బదులు ఏది, ఎక్కడ, ఎంత అన్న లెక్క చేతిలో పెట్టుకోండి. నేను చెప్పేది సోలార్ లెక్క. అది మన మండలాల్లో ఊళ్లకు కరెంటు పంచే 33/11 కేవీ సబ్‌స్టేషన్ల దగ్గర మొదలవుతుంది.

యాసంగి వరికి నీళ్లు ఎక్కువగా కావాల్సిన ఫిబ్రవరి, మార్చిలోనే మన కరెంటు వాడకం శిఖరానికి చేరుతుంది. 2025 మార్చిలో రాష్ట్ర గరిష్ఠ డిమాండ్ 17,000 మెగావాట్లు దాటింది. మబ్బు లేకుండా ఎండ నిండుగా కాసే నెలలు కూడా అవే. మడికి నీళ్లు పగలు పారినా చాలు. అర్ధరాత్రి బాయికాడికి పోయి తడి చేతులతో స్టార్టర్ నొక్కే పని, గట్టు మీద పాము భయం రైతుకు తప్పుతాయి.

కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలోని 'ఎ' విభాగం దీనికి సరిపోతుంది. సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు రైతు భూమిలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా సోలార్ ప్లాంటు పెట్టవచ్చు. ఆ కరెంటును డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ కొంటుంది; 2025లో మన రాష్ట్రంలో ధర యూనిట్‌కు రూ.3.13. ఒక మెగావాట్‌కు సుమారు నాలుగెకరాలు కావాలి. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) ఆయకట్టు భూములు ముట్టుకోనక్కరలేదు, రాళ్లు తేలిన పడావు భూములు చాలు. మెగావాట్‌కు ఏడాదికి దాదాపు 15 లక్షల యూనిట్లు, అంటే రూ.47 లక్షలు వస్తాయి. చిక్కల్లా పెట్టుబడితోనే. మెగావాట్‌కు మూడున్నర నుంచి నాలుగు కోట్లవుతుంది, సబ్‌స్టేషన్ దాకా 11 కేవీ లైను ఖర్చూ ప్లాంటు పెట్టేవాళ్లదే. నాలుగెకరాల రైతుకు ఏ బ్యాంకు అంత అప్పు ఇస్తుంది? అందుకే రైతు సంఘాలకు, మహిళా సంఘాలకు ప్రభుత్వం పూచీ ఉండాలి. లేకుంటే భూమి ఊరిది, లాభం పట్నం కాంట్రాక్టర్‌ది అవుతుంది.

ప్లాంటు పెడితే అన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని మాత్రం ఎవరూ ఆశ పెట్టకూడదు. సబ్‌స్టేషన్‌లో కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది. లైను మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం, ప్లాంటు కరెంటును లైనులో కలిపే ఇన్వర్టర్‌ను అలాగే తయారుచేస్తారు. ఏప్రిల్ గాలిదుమారానికి లైను ట్రిప్పయినా, మరమ్మతుకు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపడం) తీసుకున్నా, మెగావాట్ ప్లాంటుకు మిట్టమధ్యాహ్నం గంటకు 800 యూనిట్లు, అంటే రూ.2,500 పోయినట్టే. కరెంటు తిరిగొచ్చాక కూడా లైను నిలకడగా ఉందని కొన్ని నిమిషాలు చూసుకున్నాకే ఇన్వర్టర్ కలుస్తుంది. ఆ కొన్ని నిమిషాల్లోనే ఆటో స్టార్టర్లు పెట్టిన మోటార్లన్నీ ఒక్కసారి లేస్తాయి. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది, లేచేటప్పుడు దానికి ఐదారింతలు. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకునేది 35 ఆంపియర్లే. నాలుగు మోటార్లు కలిసి లేస్తే 150 దాటుతుంది. ఫ్యూజు పోతుంది. ఫ్యూజుకు బదులు ఎవరో మందపాటి తీగ చుడతారు, చివరికి ట్రాన్స్‌ఫార్మరే కాలుతుంది. ఆటో స్టార్టర్ తీసేసి, లైను మీద భారం తగ్గించే కెపాసిటర్‌ను 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ సైజులో పెట్టాలి. అదీ స్టార్టర్ తర్వాత, మోటారు వైపు. అప్పుడే మోటారుతో పాటు అదీ ఆగుతుంది.

లైను చివరి ఊళ్లకు వోల్టేజీ తక్కువగా వచ్చే బాధ కూడా సబ్‌స్టేషన్ పక్కన ప్లాంటుతో పోదు. వ్యవసాయ ఫీడర్‌ను, అంటే సబ్‌స్టేషన్ నుంచి మోటార్లకు వచ్చే లైనును, ఊరి ఫీడర్ నుంచి వేరు చేసి, పొడవు తగ్గించాలి. మోటార్లను జట్లుగా విడదీసి, వంతులవారీగా నడపాలి. ఎందుకంటే పొద్దున ఎనిమిదికి ప్లాంటు ఇచ్చేది కొంచెమే, మధ్యాహ్నం మాత్రం మెగావాట్‌తో 150 దాకా 5 హెచ్‌పీ మోటార్లు నడుస్తాయి.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బొగ్గు కరెంటు ఇంకా కావాలి, ఆ మాట దాచనక్కర్లేదు. అయితే థర్మల్ యూనిట్‌ను మధ్యాహ్నం ఆపి సాయంత్రం నడపడం కుదరదు. 55 శాతం కంటే తగ్గించడం కష్టం. 800 మెగావాట్ల యూనిట్ ఎర్రటి ఎండలోనూ 440 మెగావాట్ల దగ్గర బొగ్గు కాలుస్తూనే ఉంటుంది. ఆ వేళకు సోలార్ ఎక్కువైతే ఆపమనేది సోలార్‌నే. కొత్త యూనిట్ కట్టేముందు ఈ లెక్కను రామగుండం జనం ముందు పెట్టాలి. బ్యాటరీ నిల్వ కేంద్రం, సోలార్ మరమ్మతు శిక్షణ అక్కడే పెడితే ఆ ఊరి కొలువులకూ దారి ఉంటుంది.

ర్యాలీకి వచ్చే పిల్లలు ఈసారి గ్రామసభకు కూడా రావాలి. ఊరి సబ్‌స్టేషన్‌లో ఇంకా ఎన్ని మెగావాట్లు కలపవచ్చో, వ్యవసాయ ఫీడర్ నెలకు ఎన్ని యూనిట్లు తీసుకుంటుందో, కిందటి యాసంగిలో ఎన్ని గంటలు ఎల్‌సీ ఇచ్చారో డిస్కం ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ను) అడిగి, ఆ మూడు అంకెలను పంచాయతీ గోడ మీద రాయించాలి.

— ఒక పాఠకుడు, హన్మకొండ