చి. వంశీకి, తెనాలి నుంచి

చి. వంశీకి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. బామ్మకి మోకాళ్ల నొప్పులు అలాగే ఉన్నాయి, తైలం రాయనివ్వదు. అమ్మ ఆవకాయ పెట్టింది. సూరిబాబు గారి అబ్బాయి ఆగస్టులో అమెరికాలో మీ బఫెలోకే వస్తున్నాడట, డబ్బా ఇచ్చి పంపుతాం. నూనె కారకుండా కవర్లు చుట్టే పని నాది.

నువ్వు ఫోన్ చేసి చాలా రోజులైంది. పరీక్షలేమో అనుకున్నాం. మొన్న స్వాతి వచ్చి మాటల్లో ఏదో అంది. కజిన్స్ గ్రూపులో నల్లవాళ్ల మీద ఏదో బొమ్మ పెట్టావట, తప్పురా అంటే ‘జోక్, లైట్ తీసుకో’ అన్నావట. రాత్రంతా డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో ఉంటావట. అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

చలికోటు ఉతికించి లోపల పెట్టావా? కిందటేడు అలాగే వదిలేస్తే బూజు పట్టింది.

మీ ఊళ్లో జెఫర్సన్ అవెన్యూలో టాప్స్ అనే సూపర్ మార్కెట్ ఉంది కదా. 2022 మే 14న అక్కడ జరిగిన కాల్పుల సంగతి నీకు తెలిసే ఉంటుంది. దాని మీద న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆఫీసు వేసిన రిపోర్టు శీను ప్రింట్ తీసిచ్చాడు. కళ్లద్దాలు మార్చుకుంటూ చదువుతున్నాను. కాల్చినవాడికి 18 ఏళ్లు. వాణ్ణి ఎవరూ ఇంటికొచ్చి ఏ ముఠాలోనూ చేర్చుకోలేదు. కరోనా రోజుల్లో ఏమీ తోచక ఫోర్‌చాన్ అనే సైట్ తెరిచానని వాడే రాసుకున్నాడు. మొదట తుపాకుల ముచ్చట్లు, తర్వాత పక్క విభాగంలో వెటకారపు బొమ్మలు. అక్కడే న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని పొట్టన పెట్టుకున్నవాడి వీడియో ముక్క ఒకటి కంటపడింది. అంతకంతకీ అందులో కూరుకుపోయాడు. 2021లో స్కూల్లో ‘రిటైరయ్యాక ఏం చేస్తావు’ అని అడిగితే హత్య, ఆత్మహత్య అని రాశాడు. ఆసుపత్రిలో పరీక్ష చేయిస్తే జోక్ అన్నాడు. వదిలేశారు. అది జోక్ కాదని తర్వాత డిస్కార్డ్‌లోని డైరీలో వాడే రాసుకున్నాడు. ఆఖరికి 300 కిలోమీటర్ల పైన కారు నడుపుకుంటూ వచ్చి 10 మందిని చంపాడు. అందరూ నల్లవాళ్లే. ఎక్కువమంది సరుకులకు వచ్చినవాళ్లు, ఒకరు అక్కడి సెక్యూరిటీ గార్డు. ట్విచ్ అనే వీడియో సైట్‌లో లైవ్ పెట్టాడు. కాల్పులు మొదలైన రెండు నిమిషాల్లోపే ఆపేసినా కాపీలు ఊరంతా తిరిగాయి.

ఒక నాజీ వెబ్‌సైట్ తన రాతగాళ్లకు ఇచ్చిన నియమాలు 2017లో బయటపడ్డాయి. కొత్తగా చదివేవాడికి ఇది జోకో నిజమో తేలకూడదని అందులో ఉంది. అందుకే ‘జోక్’ అన్న మాట వింటే నాకు టెన్షన్.

ఇంకోటి. తెల్లవాళ్ల చోటులోకి బయటివాళ్లను దింపుతున్నారన్నది ఇలాంటివాళ్ల ఏడుపు. ఆ లెక్కలో కాలేజీవాళ్లు వీసా కోసం ఇచ్చిన ఐ-20 కాగితం పట్టుకుని దిగిన నువ్వూ ఉన్నావు నాన్నా! వాళ్ల బొమ్మలు నువ్వు పంచడం ఏమిటి?

క్లాసు పీకడం నా ఉద్దేశం కాదు. ఇంటర్న్‌షిప్ రాలేదని నువ్వు దిగులుగా ఉన్నావని తెలుసు. అలాంటప్పుడే ఎవడో ఓపిగ్గా వింటాడు. తప్పు నీది కాదు, ఫలానావాళ్లది అంటాడు. వినడానికి హాయిగానే ఉంటుంది. తర్వాత పెద్ద గ్రూపులోంచి చిన్న గ్రూపుకి, అక్కణ్ణుంచి మెసేజీలు వాటంతటవే చెరిగిపోయే చోటికి తీసుకెళ్తాడు. ఇంట్లో చెప్పొద్దన్నాడంటే ఇంక అక్కడ ఉండకు. రాత్రి పదకొండుకి పడుకో. పెరుగన్నమైనా తిని పడుకో. ఆ చిప్స్ ప్యాకెట్లు తిండి కాదు.

రాజా వాళ్ల రూమ్‌కి మారమన్నాను, విన్నావు కాదు. అద్దె ఎక్కువైతే నేను పంపుతాను, పొలం కౌలు వచ్చింది.

స్వాతినేమీ అనకు. అమ్మకి ఈ సంగతి తెలీదు, తెలిస్తే అన్నం మానేస్తుంది. పొద్దున ఏడింటికి తను పాలకి వెళ్తుంది, అప్పుడు నా నంబరుకి చెయ్యి. ఆ బొమ్మ నీకు ఎవరు పంపారో చెప్పు చాలు, తిట్టను.

మీ నాన్న