బ్లాక్ బెల్ట్ వెనక్కి తీసుకోండి, లేదా సరిగ్గా పరీక్ష పెట్టండి

శిక్షణ సంస్థ నిర్వాహకులకు,

విషయం: మా అమ్మాయికి ఇచ్చిన కరాటే బ్లాక్ బెల్ట్ గురించి ఫిర్యాదు.

అయ్యా,

మీ దగ్గర నేర్చుకుంటున్న మా అమ్మాయికి ఈమధ్యే బ్లాక్ బెల్ట్ ఇచ్చారు. ఆ గ్రేడింగ్ (బెల్ట్ పరీక్ష) నేను హాల్లో కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూశాను. మాస్టర్ అంకెలు చెబుతుంటే పిల్లలంతా వరసలో నిలబడి కటా, అంటే నిర్ణీత కదలికల వరస, చేశారు. మా అమ్మాయి చక్కగానే చేసింది, అబద్ధమెందుకు. తర్వాత కుమితే, అంటే ఇద్దరు తలపడే సాధన, అన్నారు. ఎదుటి పిల్లవాడు ఎక్కడ కొట్టబోతున్నాడో గట్టిగా చెప్పి మరీ పంచ్ విసిరాడు. ఈమె నేర్చుకున్నట్టే చేయి అడ్డుపెట్టింది. చేతులు తగిలీ తగలకముందే చప్పట్లు. చెప్పకుండా కొడితే ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు, తనకు కూడా. సర్టిఫికెట్లు మాత్రం అప్పటికే పేర్లతో సహా అచ్చయి బల్ల మీద ఉన్నాయి.

ముందే మాట్లాడుకుని చేసే కుమితే సాధనకు అవసరమే. దానితోనే పరీక్ష ముగించడం ఎలా కుదురుతుంది?

ఆఫీసులో అడిగితే, "బెల్ట్ పిల్లలకు ప్రోత్సాహం కోసమే మేడమ్" అన్నారు. మరి మీ ప్రకటనలో "బ్లాక్ బెల్ట్ గ్యారంటీ, ఆత్మరక్షణలో నిపుణత" అని ఎందుకు వేశారు? మొదటి డాన్‌తో, అంటే బ్లాక్ బెల్ట్‌లో తొలి మెట్టుతో, అసలు చదువు మొదలవుతుందని మాస్టర్ అంటారు, ఒప్పుకుంటాను. (ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు, ఓపికగా నేర్పిస్తారు.) కానీ యుద్ధకళల్లో డాన్ ర్యాంకులు 1883లో జూడో స్థాపకుడు జిగోరో కానో మొదలుపెట్టినవి. ఆయన నెలకొల్పిన జూడో కేంద్రం కొడోకాన్‌లో వరసగా ప్రత్యర్థుల్ని ఓడించినవాళ్లకు అక్కడికక్కడే పై డాన్ ఇచ్చే పద్ధతి ఉంది. టైక్వాండో ప్రధాన కేంద్రం కుక్కివాన్ అయితే 15 ఏళ్ల లోపు పిల్లలకు డాన్ బదులు పూమ్ అనే పిల్లల ర్యాంకు ఇస్తుంది. పిల్లలకు ప్రోత్సాహమే ఇవ్వాలనుకుంటే అలాంటి దారులున్నాయి. మీ దగ్గర మూడు నెలలకో రంగు, రంగుకో ఫీజు. ఫీజు కట్టి తప్పినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

మొన్న మా అమ్మాయి తన చెల్లెలితో, "ఎవడైనా మీదకొస్తే నువ్వు నా వెనక నిలబడు చాలు" అంటోంది. ఆ ధైర్యం మీరిచ్చిన కాగితం చూసుకునే. నాకు నిద్ర పట్టనిది అందుకే.

కాబట్టి బయటి పరీక్షకుల్ని పిలిచి, రక్షణ సామగ్రి వేయించి, తనకు పరిచయం లేని ఇద్దరితో ఫ్రీ స్పారింగ్ (ముందే చెప్పుకోకుండా తలపడటం) పెట్టి మళ్లీ పరీక్షించండి. నిలబడితే బెల్ట్ ఉంచండి. నిలబడకపోతే సర్టిఫికెట్ రద్దు చేసి గ్రేడింగ్ ఫీజు వాపసు ఇవ్వండి, తను మళ్లీ బ్రౌన్ బెల్ట్ కట్టుకుని క్లాసుకు వస్తుంది. ఏది జరిగినా ప్రకటనలోంచి ఆ "గ్యారంటీ" తీసేయండి.

ఫీజు రసీదులు, మీ ప్రకటన కాపీ జతపరిచాను. జవాబు రాతపూర్వకంగా పంపగలరు.

ఇట్లు,
మీ విద్యార్థిని తల్లి